విమానమెక్కి అడవిని కాపాడతారట!

కోస్టారికా వర్షారణ్యంలో ఎకో లాడ్జిలో నాలుగు రాత్రులు బస చేసి వస్తే అడవిని కాపాడినట్టేనట. ప్రయాణాల వీడియోల్లో, పర్యాటక ప్రకటనల్లో, చివరికి ఆదివారం అనుబంధాల్లో కూడా ఇదే పాట. పర్యాటకుడి డాలరు లేకపోతే ఆ దేశంలో పచ్చని ఆకు మిగలదన్నట్టు మాట్లాడుతున్నారు. చరిత్ర తిరగేస్తే ఈ మాట నిలబడదు. అమెరికాకు గొడ్డుమాంసం ఎగుమతి కోసం, బ్యాంకులు అప్పులిచ్చి మరీ అడవుల్ని మేతబీళ్లుగా మార్పించిన దేశం అది. 1980ల నాటికి అక్కడ మిగిలిన అడవి దేశ విస్తీర్ణంలో నాలుగో వంతుకు అటూ ఇటూ. ఇవాళ సగానికి పైనే. మాంసం ధరలు పడిపోయి అడవి కోలుకోవడం మొదలైతే, దాన్ని నిలబెట్టింది 1996 అటవీ చట్టం. సహజారణ్యాన్ని నరికి మరో పనికి వాడటాన్ని అది నిషేధించింది. ఇంధనంపై పన్ను వేసి, ఆ డబ్బును అడవిని ఉంచుకున్న రైతులకు చెల్లించే ఏర్పాటు చేసింది. ఖర్చు భరించింది పెట్రోలు పోయించుకున్న అక్కడి సామాన్యుడు, పేరు మాత్రం అతిథిది!

ఆ దేశంలోనే ఉన్న మాంటెవెర్డే సంగతే చూడండి. 1951లో అమెరికాలోని అలబామా నుంచి వలస వచ్చిన క్వేకర్ క్రైస్తవ కుటుంబాలు తమ నీటివనరు కోసం కొండమీది అడవిని కొట్టకుండా వదిలేశాయి. 1972లో అక్కడ అభయారణ్యం వెలిసింది. 1987లో స్వీడన్‌లో ఓ చిన్న బడి పిల్లలు డబ్బు పోగుచేసి అక్కడ అడవి కొనిపించారు, తర్వాత దేశదేశాల పిల్లలు తోడయ్యారు. ఆ పిల్లల అడవి ఇవాళ 20 వేల హెక్టార్లు దాటింది. అందుకు ఏ పిల్లవాడూ విమానం ఎక్కాల్సిన అవసరం రాలేదు. అదే కొండమీద బంగారు కప్ప ఉండేది. మగ కప్పలు నారింజరంగులో మెరుస్తూ, తొలివానలకు చెట్ల వేళ్ల మధ్య నిలిచిన నీటిగుంటల్లో గుంపులుగా జతకట్టేవి. 1987లో వేయికి పైగా కనబడ్డాయి, 1989లో ఒక్కటే కనిపించింది, ఆ తర్వాత అదీ లేదు. కాపలా ఉన్న అడవిలోనే జాతి అంతరించింది! శాస్త్రజ్ఞులు చర్మానికి సోకే శిలీంధ్రాన్నీ, ఎండిపోయిన వాతావరణాన్నీ అనుమానిస్తున్నారు. టికెట్టు డబ్బులకు లొంగే శత్రువులా ఇవి? పైగా భూమిని వేడెక్కిస్తున్న పొగలో మన విమానాల వాటా కూడా ఉంది. లాడ్జి స్నానాలగదిలో మాత్రం భూమి కోసం తువ్వాలు మళ్లీ వాడమని చీటీ! ఖండాలు దాటడానికి తగలబెట్టిన ఇంధనం ఊసు ఏ చీటీలోనూ ఉండదు.

స్థానికులకు ఉపాధి దొరకడం లేదా అంటారు. దొరుకుతుంది, 2020 మార్చిలో కోవిడ్ వల్ల సరిహద్దులు మూసేశాక ఆ ఉపాధి ఏమైందో కూడా చెప్పాలి మరి. లాడ్జి ఎవరిదన్నది అసలు ప్రశ్న. పెరూలో తంబోపాటా నది ఒడ్డున, ఎసె ఎహా ఆదివాసులుండే ఇన్ఫియెర్నో ఊరు 1996లో లాడ్జి కోసం ఒక కంపెనీతో ఒప్పందం రాసుకుంది. దాని ప్రకారం లాభంలో 60 శాతం ఊరిది, నిర్ణయాల్లో సగం మాట ఊరిది. అలాంటి చోట నాకు పేచీ లేదు. చట్టం, పన్ను, ఊరి హక్కు కావాలి, లాడ్జి ఆ తర్వాత. వెళ్లేవాళ్లు సరదాగా వెళ్లిరండి. బిల్లులో అడవి వాటా ఎంతో, ఆ నేల పట్టా ఎవరి పేరున ఉందో మాత్రం అడగండి. జవాబు రాకపోతే అది మామూలు హోటలే.