రాత్రిపూట ఉకైర్ ఒడ్డున మెటల్ డిటెక్టర్: వెళ్ళే ముందు తెలుసుకోవలసిన సంగతులు

హుఫూఫ్ చుట్టుపక్కల క్యాంపుల్లో ఒక కొత్త సరదా బయలుదేరింది. గురువారం డ్యూటీ దిగాక నలుగురైదుగురు కారు మాట్లాడుకుని ఉకైర్ సముద్రం ఒడ్డుకు పోయి రావడం పాత అలవాటే. ఇప్పుడు వాళ్ళ సామానులో గాలం, టీ ఫ్లాస్కుతో పాటు మెటల్ డిటెక్టర్ కూడా ఉంటోంది. హరాజ్‌లో పాత మెషీన్ ఒకటి చూసి, రూములో అందరూ తలా కొన్ని రియాళ్ళు వేసుకుని కొంటున్నారు. పగలు ఎండకు ఇసుక మీద నిలబడలేం కనుక రాత్రి తొమ్మిది దాటాక వెతుకులాట మొదలుపెట్టి తెల్లవారుజామున తిరిగొస్తున్నారు. దీని మీద రాయమని కొందరు తమ్ముళ్ళు అడిగారు. సరదాను మేము తప్పుపట్టడం లేదు. వారమంతా షట్టరింగులోనో, తోటపనిలోనో నడుము విరగ్గొట్టుకున్నవాడికి సముద్రపు గాలి కావాలి. కానీ ఈ పనిలో కాలికి గుచ్చుకునే ముల్లు నుంచి జైలు దాకా చాలా ఉన్నాయి. తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళడం వేరు.

ఒడ్డున బంగారం ఏరుకోవడం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో తుఫాను వెళ్ళిన మర్నాడు ఆడా మగా పిల్లలతో సహా ఇసుకలో కూర్చుని వెతుకుతారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత చిన్న చిన్న బంగారు ముక్కలు దొరికాయని పేపర్లన్నీ రాశాయి. అక్కడ సముద్రం ఏటా ఊరిని కోసుకుపోతోంది. పాత ఇళ్ళు, గుళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి. వాటిలో ఉండిపోయిన బంగారమే అలలకు కొట్టుకొస్తోందని అక్కడివారు చెబుతారు. అంటే ఆ ముక్కల వెనుక ఎవరిదో కూలిన ఇల్లు ఉంది. ఉప్పాడ వాళ్ళకు మెషీన్లు లేవు, చేతులే. పైగా అది వాళ్ళ సొంత ఊరు. మనం ఉన్నది పరాయి దేశంలో, జేబులో అకామా పెట్టుకుని. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు ఉకైర్ సంగతి చెప్పుకుందాం. హుఫూఫ్ నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఒడ్డు ఉత్త పిక్నిక్ స్థలం కాదు. దమ్మామ్ రేవు పెరగక ముందు ఈ ప్రాంతానికి సరుకంతా ఉకైర్ మీదుగానే దిగేది. అల్ హస్సా ఖర్జూరం ఇక్కడి నుంచే పడవలెక్కేది. 1922 చివర అబ్దుల్ అజీజ్ రాజుగారు, బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ ఇక్కడే కూర్చుని కువైట్, ఇరాక్ వైపు సరిహద్దులు తేల్చుకున్నారు. పాత కోట, కస్టమ్స్ భవనం ఇప్పటికీ కనబడతాయి. వందల ఏళ్ళు వర్తకులు తిరిగిన చోటు కాబట్టి నాణేలు దొరుకుతాయని ఆశ పుడుతుంది. ఆ ఆశే కొంప ముంచేది.

ఎందుకంటే సౌదీలో నేల కింద దొరికే పురాతన వస్తువు ప్రభుత్వానిది. దొరికినవాడిది కాదు, ఆ స్థలం యజమానిది కూడా కాదు. 2014లో వచ్చిన పురావస్తు చట్టం ప్రకారం అనుమతి లేకుండా పురాతన వస్తువుల కోసం తవ్వడం నేరం. దొరికినది దాచడం, అమ్మడం కూడా నేరమే. జైలు ఉంది, జరిమానా ఉంది. 2020లో ఏర్పడిన హెరిటేజ్ కమిషన్ ఈ విషయాలు చూస్తుంది. మన దేశంలోనూ చట్టం ఏమంత మెతక కాదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. గుప్తనిధులంటూ గుళ్ళ దగ్గర తవ్వి పోలీసులకు దొరికినవాళ్ళ వార్తలు మీరంతా చదివే ఉంటారు. అక్కడైతే బెయిలు ఇప్పించడానికి అన్నో, బావో, ఊరి పెద్దో వస్తాడు. ఇక్కడ కేసు అయితే ఉద్యోగం పోవచ్చు, తర్హీల్ ద్వారా ఇంటికి పంపవచ్చు, మళ్ళీ ఈ దేశానికి రావడం కుదరకపోవచ్చు. ఏజెంటుకు కట్టిన అప్పు మాత్రం ఊళ్ళో అలాగే కూర్చుంటుంది.

"మెషీన్ బజారులో అమ్ముతున్నారు కదా, తప్పయితే ఎందుకు అమ్ముతారు?" అని ఒక తమ్ముడు అడిగాడు. కత్తి కూడా బజారులో అమ్ముతారు తమ్ముడూ, ఎక్కడ వాడతావన్నదే లెక్క. ఉకైర్ పాత రేవు కట్టడాల చుట్టూ, గోడల ఆనవాళ్ళు కనబడే దిబ్బల మీద, కంచె వేసిన చోట మెషీన్ కారులోంచి దించవద్దు. "ఊరికే చూస్తున్నాం" అన్న మాట చేతిలో మెషీన్, పార ఉన్నవాడి నోట నిలబడదు. మామూలు బీచి ఇసుకలోనైనా పాత నాణెం, కుండ పెంకు, రాత ఉన్న రాయి కనబడితే అక్కడితో ఆపేయండి. దాన్ని కడగవద్దు, జేబులో వేసుకోవద్దు. కంపెనీ ముదీర్‌కో, అరబీ బాగా వచ్చిన పెద్దమనిషికో చెప్పి వాళ్ళ ద్వారా అధికారులకు తెలియజేయండి.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. దాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. నిధి పిచ్చి మనవాళ్ళకే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. మెషీన్ తాము పట్టుకుని, గొయ్యి తవ్వడానికి మాత్రం కూలివాణ్ణి వెతుక్కునే మనుషులుంటారు. ఒక రాత్రి పనికి వారం జీతమంత ఆశ చూపుతారు. చీకట్లో బండి ఎక్కించుకుంటారు, ఎక్కడికో చెప్పరు, ఫోను ఆపేయమంటారు. పెట్రోలింగ్ బండి లైటు కనబడగానే తెచ్చినవాడు బండితో సహా మాయమవుతాడు. గొయ్యిలో పారతో నిలబడి ఉండేది మనవాడు. అప్పుడు రెండు నేరాలు అవుతాయి. ఒకటి తవ్వకం, రెండు కఫీల్ దగ్గర కాక బయట పని చేయడం. కల్లివెల్లి అయిన తమ్ముళ్ళకు ఇటువంటి పిలుపు వచ్చినప్పుడు కాదనడం కష్టమని మాకు తెలుసు, పైసల అవసరం అటువంటిది. అయినా చెబుతున్నాం. ఎవరైనా అడిగితే "కఫీల్ మాఫీ మువాఫిక్" అనేసి పక్కకు తప్పుకోండి. గొడవ పెట్టుకోవద్దు, బండి మాత్రం ఎక్కవద్దు.

ఇది నూనె దేశమన్నది కూడా మరవకూడదు. హుఫూఫ్ కూర్చున్నదే ఘవార్ నూనె క్షేత్రం పక్కన. ఎడారిలో పైపులైన్లు, కేబుళ్ళు భూమిలో పోతుంటాయి. 2019 సెప్టెంబరు 14న అబ్కైక్ మీద దాడి జరిగింది. అటువంటి చోట్ల అర్ధరాత్రి చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో కూత పెట్టే మెషీన్‌తో తిరిగే విదేశీయుణ్ణి ఎవరైనా ఏమనుకుంటారో ఆలోచించండి. బోర్డు ఉన్నా, కంచె ఉన్నా, పసుపు గుర్తుల స్తంభాలున్నా వెనక్కి తిరగడమే. ఖఫ్జీ వైపు వెళ్ళేవాళ్ళకు ఇంకొక మాట. 1991 జనవరి ఆఖరున అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. తుప్పు పట్టిన గొట్టంలాంటిది, రెక్కలున్నది, బరువైనది ఏది బయటపడినా పారతో తట్టి చూడవద్దు. దూరంగా జరిగి ఫోను చేయండి.

ఇక మెషీన్ గురించి. దాని పళ్ళెంలో తీగచుట్ట ఉంటుంది. అది నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, లోహం తగిలితే తిరుగు సంకేతం వస్తుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుక కూడా కరెంటును మోస్తుంది. అందుకే చవక మెషీన్ నీటి అంచున ఊరికే కూస్తూ ఉంటుంది. కూసిన చోటల్లా తవ్వితే పెప్సీ డబ్బా మూతలు, గాలాలు, మేకులు, చెప్పు బకిళ్ళు. పొడి ఇసుకలో వెతికితే మనశ్శాంతి, ప్రాణానికీ మేలు. ఆ కూతలు వినడానికి రెండు చెవులూ మూసుకుంటారు చూడండి, అది పెద్ద పొరపాటు. వెనక నుంచి వచ్చే జీపు వినబడదు, అల వినబడదు, తోటివాడి కేక వినబడదు. సెలవు రాత్రుల్లో ఇసుక మీద బండ్లు, నాలుగు చక్రాల బైకులు జోరుగా తిరుగుతాయి. ఒక చెవి ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. సైటులో వేసుకునే మెరుపు జాకెట్టే వేసుకుని వెళ్ళండి, తలకు లైటు కట్టుకోండి. చీకట్లో ఇసుక మీద పడుకోవడం మాత్రం వద్దే వద్దు.

ఈ సముద్రం లోతు తక్కువ. నీళ్ళు తగ్గినప్పుడు ఒడ్డు చాలా దూరం బయటపడుతుంది, మెషీన్ పట్టుకున్నవాడు నేలచూపులు చూస్తూ నడుస్తూనే ఉంటాడు. ఆరు గంటలకొకసారి అటూ ఇటూ మారే నీరు తిరిగి వచ్చేటప్పుడు చప్పుడు చేయదు. ముందు పల్లపు కాలువలు నిండుతాయి, మీరు నిలబడ్డ మెరక చుట్టూ నీళ్ళు చేరతాయి, వెనక్కి దారి ఎటో చీకట్లో తెలియదు. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. కరీంనగర్, నిజామాబాద్ తమ్ముళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చాకే సముద్రం చూసినవాళ్ళు, ఈత రానివాళ్ళు. మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగవద్దు. వెళ్ళగానే ఒడ్డున ఒక కర్ర పాతి లైటు కట్టండి, అది కనబడనంత దూరం పోవద్దు.

నీళ్ళలో టేకు చేప ఇసుక కప్పుకుని పడుకుంటుంది. కాలు ఎత్తి వేయకుండా ఇసుకను ఈడుస్తూ నడిస్తే అదే తప్పుకుంటుంది. దాని ముల్లు దిగితే నొప్పి భరించలేం. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెడితే కొంత తగ్గుతుంది, ఆ తర్వాత ఆసుపత్రి. చేతులకు గ్లౌజులు, కాళ్ళకు సైటు బూట్లు ఉండాలి. తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం టీకా అదే రోజు అడగండి. గొయ్యి మోకాలు దాటి తవ్వవద్దు. ఇసుక గోడ ఒక్క క్షణంలో కూలుతుంది, కూలిన ఇసుక బరువు కింద మనిషి ఊపిరి తీసుకోలేడు. తవ్వినదాన్ని పూడ్చి రండి, లేకపోతే ఆ గుంటలో పరుగెత్తే పసిపిల్ల కాలు పడుతుంది.

పిల్లల మాట వచ్చింది కనుక, ఉకైర్‌కు సెలవు రాత్రుల్లో కుటుంబాలు వస్తాయి. గుడారాల దగ్గర, కార్పెట్లు పరుచుకున్న చోట మెషీన్ తిప్పవద్దు, టార్చి అటు వేయవద్దు. ఎవరి ఇంటి ఆడవాళ్ళ మీదా లైటు పడటం ఇక్కడ చిన్న విషయం కాదు. తీరాన్ని కాసేది బోర్డర్ గార్డు. వాళ్ళు ఆపితే పరుగెత్తవద్దు. మెషీన్ కింద పెట్టి, చేతులు కనబడేలా నిలబడి అకామా చూపండి. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవడమే, వాదన వద్దు.

దారి గురించి కూడా ఆలోచించాలి. ఉకైర్ వైపు రోడ్డు పక్కన సబ్ఖా ఉంది. పైకి గట్టి నేలలా ఉప్పు పొర, కింద బురద. అడ్డదారి పట్టిన కారు ఇరుసు దాకా దిగిపోతుంది. గాలి వీస్తే ఇసుక రోడ్డు మీదికి వస్తుంది, ఒంటెలు చీకట్లో లైటుకు అందేంత దగ్గరకు వచ్చేదాకా కనబడవు, చలికాలం పొగమంచు. ఎండాకాలం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటి పని ఆపినా మిగతా గంటల్లో కారిన చెమట తక్కువేం కాదు. ఆ ఒంటితో రాత్రంతా ఉక్కలో నిలబడితే తల తిరుగుతుంది. డ్రైవరు నిద్రపోవాలి. మిగతావాళ్ళు వెతుక్కోండి, డ్రైవరును మాత్రం కారులో పడుకోనివ్వండి, ఏసీ కోసం అద్దాలన్నీ బిగించి ఇంజను నడుపుతూ మాత్రం కాదు. క్యాంపులో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో చెప్పి, ఫోనులో లొకేషన్ పంపి బయలుదేరండి.

ఉంగరం దొరికితే ఏం చేయాలని అడుగుతారు. ఇక్కడి షరియాలో దారిలో దొరికిన విలువైన వస్తువు గురించి ఏడాది పాటు చాటాలి. మనం ఏడాది చాటుతూ కూర్చోలేం కనుక షుర్తా స్టేషనులో ఇచ్చి కాగితం తీసుకోవడం మంచిది, ఒక్కరే కాకుండా ఇద్దరు కలిసి వెళ్ళండి. బిల్లు లేని నగతో బంగారు దుకాణం మెట్లెక్కవద్దు.

ఆపద వస్తే తూర్పు ప్రాంతంలో 911, అంబులెన్సుకు 997. భాష రాకపోయినా పరవాలేదు. ముందు "ఉకైర్, బహర్" అని చోటు చెప్పండి, తర్వాత ఎంతమంది ఉన్నారో చెప్పండి. వాళ్ళు పెట్టేదాకా మీరు ఫోను పెట్టవద్దు. బండి లైట్లు కనబడేదాకా టార్చి ఊపుతూ ఉండండి.