ప్రకటన చుట్టు గీత

ఏటేట ఆగస్టు 7వ తేదీన చేనేత దినోత్సవ సభలు జరుగుచున్నవి. 1905లో కలకత్తా పురమందిరమున స్వదేశీ వ్రతమునకు శంఖము పూరించిన దినమది. 2015 నుండి ప్రభుత్వమువారు దానిని జాతీయ చేనేత దినముగ పాటించుచున్నారు. సభలలో పూలమాలలు వేయుదురు, మగ్గమును పొగడుదురు. మఱునాటి యుదయమున నేతగాడు గుంటమగ్గములో కాళ్లు దించి కూర్చుండి, నేసిన చీర నెవరి కమ్మవలెనో తెలియక దిక్కులు చూచుచుండును. ఆ చీరను కొన మనసుగలవారు లేకపోలేదు. హైదరాబాదులో నున్నారు, బెంగుళూరులో నున్నారు, సముద్రముల కావల నున్నారు. వారు చేతనున్న ఫోనులో యూట్యూబు వీడియోలును, ఇన్‌స్టాగ్రాము రీళ్లును చూచుచు ప్రొద్దు పుచ్చుచున్నారు. ఆ వీడియోలు చేయువారికిని మన చిన్న వర్తకులకును పొత్తు కుదుర్చుకొన వచ్చునా, కుదుర్చుకొన్నచో నది యెట్టిది కావలెను అనునదియే నేటి ప్రశ్న.

మనలో రెండు తెగల వారున్నారు. యూట్యూబు గూగులువారిది, ఇన్‌స్టాగ్రాము మెటావారిది, రెండును అమెరికా కంపెనీలే గనుక స్వదేశీ వస్త్రమునకు వానితో నేమి పని యని మొదటి తెగవారు అడుగుదురు. రైళ్లు తెల్లవాని వని ఖద్దరు మూటలు ఎడ్లబండ్లమీదనే పోయినవా? గాంధీమహాత్ముడు మూడవ తరగతి పెట్టెలో కూర్చుండి ఈ దేశమంతయు తిరుగలేదా? ఈ వాదమునకు ఇంతకన్న నెక్కువ కాలము వ్యయపరుపనక్కరలేదు. రెండవ తెగవారు వేఱు. లక్షమంది ఫాలోయర్లు గల వారెవరైనను సరే, సొమ్మిచ్చి యేదో యొకటి చెప్పింపుడు, సరకు దానంతట నదియే పోవు నందురు. మాకు భయము గొల్పుచున్నది వీరి మాటయే.

ఏల యనగా, దాని ఫలమును మేము కన్నులార చూచితిమి. ఒక చిన్న వర్తకుడు, ముప్పది మగ్గములకు నూలిచ్చి చీరలు నేయించుకొనువాడు, ఒకనాడు నోటీసు చేతబట్టుకొని మాయొద్దకు వచ్చెను. పేరుపడిన యొక వీడియోకర్త్రికి అతడు ఎనిమిది చీరలు ఉచితముగ పంపెను. కాగితము లేదు, షరతు లేదు, ఫోనులో మాట్లాడుకొన్నదే. ఆమె యొక చీర కట్టుకొని, తాను ముచ్చటపడి కొనుక్కొన్నదానివలె చెప్పెను. రెండు దినములలో వందలకొలది ఆర్డర్లు వచ్చిపడెను. వర్తకుడు మొదట ఉప్పొంగెను. పిమ్మట లెక్క చూచుకొని గుండె జారిపోయెను. ఒక చీరకు ఒక మగ్గము రెండు మూడు దినములు కోరును. అది వానకాలము, గుంటలలో నీరూరి మగ్గములు సగము నిలిచియుండెను. కొన్నవారు తిట్టుచు వ్రాయసాగిరి. ఏమిచేయుటకును తోచక అతడు పవర్‌లూము చీరలు తెప్పించి, చేనేత యని కట్ట కట్టి పంపివేసెను. నేతగాని పొట్ట కొట్టు సరకును నేతగాని పేరనే అమ్మెను! అందొకరు గుర్తించి వినియోగదారుల కమిషను నాశ్రయించిరి. వాదించుటకు మాకు నోరు రాలేదు. నిజ మొప్పుకొని, సొమ్ము తిరిగి యిమ్మని చెప్పి పంపితిమి. అతడు దుర్మార్గుడు కాడు. ఆమెయు బహుశః దుర్మార్గురాలు కాదు. అబద్ధ మొకటి మొదట చిన్నదిగ ఉచితపు చీరతో లోపలికి వచ్చినది; తుదకు మగ్గమునే మ్రింగినది.

ప్రచారమే పాపమని మే మనుటలేదు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో అచటనే ఆంధ్రపత్రికను వారపత్రికగ స్థాపించిరి. 1914లో అది మద్రాసున దినపత్రిక యయ్యెను. సంగీత సభలలో అమృతాంజనమును ఉచితముగ పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరని ప్రతీతి. చేతికి వచ్చిన మందు ఎవరిచ్చినదో పుచ్చుకొన్నవాడు ఎఱుగును. పత్రికలో ప్రకటన చుట్టు ఒక నల్లగీత యుండును. గీతకు లోపలిది వర్తకుని మాట, వెలుపలిది సంపాదకుని మాట. చదువరి రెంటిని వేఱుచేసి చూచుకొనును. ఈ గీతయే నేటి వీడియోలలో చెఱిగిపోయినది. స్నేహితురాలు చెప్పినట్లు చెప్పుటలోనే వీడియోకు బలమున్నది గనుక, అచట గీత చెఱుపుటయన స్నేహమును అమ్ముకొనుటయే.

ఆ గీతను తిరిగి గీయుటకు చట్టము పూనుకొన్నది. ప్రకటనల ప్రమాణ మండలియగు ఆస్కీవారు 2021లోను, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు 2022లోను నియమములు చేసిరి. సొమ్ముగాని, వస్తువుగాని, మఱే లాభముగాని పుచ్చుకొని చెప్పువాడు ఆ సంగతి స్పష్టముగ తెలుపవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపు ప్రకటనకు చేసినవానికిని, పొగడినవానికిని గూడ 10 లక్షల రూపాయల వఱకు, మరల చేసినచో 50 లక్షల వఱకు జరిమానా వేయవచ్చును. పొగడినవానిని ఏడాది, పిమ్మట మూడేండ్ల వఱకు ప్రకటనలకు దూరముగ నుంచవచ్చును. తగిన విచారణ చేసి చెప్పితినని చూపగలవానికి మాత్రము రక్షణ కలదు. పోచంపల్లి ఇక్కతు వంటి భౌగోళిక గుర్తింపు గల పేరును అబద్ధముగ వాడుట 1999 నాటి చట్టము క్రింద ఆరు నెలల నుండి మూడేండ్ల వఱకు చెఱసాలకు దారితీయు నేరము. మిల్లులో అచ్చుకొట్టిన గుడ్డను ఇక్కతని పొగడుచున్న వారికి ఈ సంగతి యెవరైన చెప్పిరా యని మా సందేహము.

ఇక చిన్న వర్తకులు చేయవలసిన దేమి? ఫాలోయర్ల లెక్క చూచి మురిసిపోరాదు. లెక్కను కొనవచ్చును. వీడియో క్రింద ప్రశ్నలు వ్రాయువారెవరు, వారికి చేసినవాడు బదులు చెప్పుచున్నాడా అని చూడవలెను. పదివేలమందే యైనను, చీర పట్టుకొని చూచి కొను గృహిణులు వినునట్టి వాడు, సినిమా కబుర్లు చెప్పు పదిలక్షల వానికన్న మనకు మేలు. అట్టివానిని మగ్గమునొద్దకు పిలువుడు. పోచంపల్లిలో నేతకు ముందే నూలును కట్లుకట్టి రంగులలో ముంచు పని చూపుడు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపఱచుట చూపుడు. 2006 నుండి వాడుకలోనున్న చేనేత ముద్ర యెట్టిదో చూపుడు. అదియే వాని విచారణ, అదియే చట్టములోని రక్షణ. చూపించుటకై పని నాపుకొన్న నేతగానికి ఆ పూట కూలి ఇయ్యవలెను. ఈ సంగతి ఎవ్వరికిని తోచుటలేదు!

చెప్పినవానికి చీరలు గాక సొమ్మిండు. ఉచితపు వస్తువును మఱుగుపఱచుట సులభము గనుకనే అందఱు దాని నిష్టపడుచున్నారు. ఆదాయపు పన్నువారు మాత్రము 2022 జులై 1 నుండి ఏడాదికి 20,000 రూపాయలు మించిన అట్టి లాభములను గూడ లెక్కలోనికి తెచ్చిరి. చేతిలో రొక్కము లేనిచో, ఆ వీడియోకొక గుర్తుమాట ఇచ్చి, దానిపేర అమ్ముడైన చీరలపై వాటా నిచ్చెదమని వ్రాసికొనుడు. ఒక్క పుట కాగితము చాలును. ఎన్ని వీడియోలు, ఏ తేదీకి, ఎంత సొమ్ము, ఆ దృశ్యములను మనము మరల వాడుకొనవచ్చునా, అదే నెలలో పోటీ సరకును పొగడవచ్చునా, అబద్ధము చెప్పినచో బాధ్యత ఎవరిది అనునవి అందుండవలెను. మగ్గములు నెలకు ఎన్ని చీరలు నేయగలవో గూడ వ్రాసి, అంతకు మించి ఆర్డరు పుచ్చుకొనమని వీడియోలోనే చెప్పింపుడు.

వీడియోలు చేయు యువకులను మేము ద్వేషింపము. వారిదియు చేతిపనియే, రాత్రులు మేలుకొని చేయుచున్నారు. దానికి కూలి అడుగుట న్యాయమే. కూలి పుచ్చుకొని, పుచ్చుకొనలేదని నటించుటను మాత్రము మేము సహింపము. 2019-20 గణనలో 35 లక్షలకు పైబడిన చేనేత పనివారు లెక్కకు వచ్చిరి, అందధికసంఖ్యాకులు స్త్రీలు. ఒక్క అబద్ధపు పొగడ్తతో పోవునది వీరి నోటికాడి కూడు.

ఆ వర్తకుడు మొన్న మరల వచ్చెను. ఈసారి చేతిలో నోటీసు లేదు. ఒప్పందము వ్రాయించుకొనుటకు వచ్చెను. మొదటి షరతు తానే చెప్పెను: వీడియో మొదటనే 'ఇది ప్రకటన' యని తెలుగులో, చెవికి వినబడునట్లు చెప్పవలెను. రెండవది, వారమునకు అఱువది చీరలకు మించి ఆర్డరు పుచ్చుకొనరాదు. అఱువది కాదు, నలువది యని వ్రాయుమంటిమి. ముందు దసరా వచ్చుచున్నది. నేతగాని యింట గూడ పండుగ యుండును గదా.