అడగవలసింది ఆ పిల్లలనే

కన్నవారి ఆదరణకు దూరమైన పిల్లలకు, దత్తతతో నిమిత్తం లేకుండా, మరో కుటుంబంలో నీడ కల్పించడమే ఫోస్టర్ కేర్. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఇందుకు వీలు కల్పించింది. మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం నిర్ణయించారు. అయితే స్వలింగ ప్రేమికులుగానో, ట్రాన్స్‌జెండర్లుగానో బయటపడి ఇంటికి దూరమైన పిల్లలకు ఈ నీడ ఏ మేరకు దక్కగలదన్నది ప్రశ్న.

కుటుంబం పోషించలేని ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కోర్టు ఉత్తర్వు ద్వారా పునరావాస కేంద్రానికి పంపాలని 2019 నాటి చట్టం నిర్దేశించింది. మరో కుటుంబం ఊసు ఆ నిబంధనలో లేదు. కేంద్ర ప్రభుత్వ సాయంతో వెలసిన గరిమా గృహాలు 18 ఏళ్లు నిండినవారి కోసం ఉద్దేశించినవి. అంతకు తక్కువ వయసువారి భారం జిల్లా బాలల సంక్షేమ కమిటీలదే.

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్‌నే చూద్దాం. ఆ నగరానికి ప్రాణమైన టాటా స్టీల్ సంస్థ 2021లో తన గనుల్లో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చింది. హర్షించదగిన పరిణామమే. కానీ బారిడీహ్ వంటి కార్మిక వాడలో ఇల్లు విడిచిన పదహారేళ్ల బిడ్డకు ముందు కావలసింది ఉద్యోగం కాదు, ఒక ఇల్లు.

ఇటువంటి పిల్లలెందరో తెలియనిదే ప్రణాళిక సాగదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అధ్యయనం, ఫోస్టర్ కేర్‌లోని యువతలో దాదాపు 19 శాతం ఈ వర్గాలవారేనని 2014లో వెల్లడించింది. లెక్కలు తీస్తే చాలదు. సంరక్షణలో పెరిగి పెద్దయినవారినే పరిశోధనలో భాగస్వాములను చేసి, ప్రశ్నలు వారిచేతనే రూపొందింపజేయాలి. సామాజిక సేవారంగం దీనినే భాగస్వామ్య పరిశోధన అంటున్నది. 1936లో టాటా ట్రస్టు నెలకొల్పిన సామాజిక శాస్త్రాల సంస్థ, 2020లో బారిడీహ్‌లో మొదలైన వైద్య కళాశాల వంటివి ఇందుకు పూనుకోవచ్చు.

ఫోస్టర్ కుటుంబాలను నెలనెలా తనిఖీ చేయాలని చట్టం చెబుతున్నది. తిండి, బట్ట, చదువులతోపాటు, ఆ ఇంట్లో భయం లేకుండా ఉండగలుగుతున్నావా అన్న ప్రశ్న కూడా అందులో చేరాలి. ఆ జవాబు గోప్యంగా ఉండకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. తమకు సంబంధించిన నిర్ణయాల్లో మాట చెప్పే హక్కు పిల్లలకున్నదని అంగీకరిస్తూ భారతదేశం 1992లోనే ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో చేరింది. ఆ మాట వినడానికి ఇంకా జాప్యం తగదు.