ఇంటి పక్క బూత్ ఎందుకు దూరమైంది?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు, తెలంగాణలో లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్ జరిగింది. రెండో శనివారం, ఆదివారం, పోలింగ్ నాటి సోమవారం వరుసగా కలిసొచ్చాయి. హైదరాబాద్ నుంచి ఏపీ వైపు జనం పోటెత్తారు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు కార్లు బారులు తీరాయి. బస్సుల్లో సీట్లు దొరకలేదు, రైళ్లలో కాలు పెట్టే సందు లేకపోయింది. ఏటా సంక్రాంతికి కనిపించే ఆ దృశ్యం ఆసారి ఓటు కోసం కనిపించింది. ఏపీలో కొన్ని బూత్‌ల వద్ద అర్ధరాత్రి దాటాక కూడా ఓటర్లు వరుసల్లో నిలబడి ఉన్నారు. చివరికి ఆ రాష్ట్రంలో పోలింగ్ దాదాపు 82 శాతానికి చేరింది. ఆ కార్లూ బస్సులూ బయల్దేరిన నగరంలో మాత్రం లెక్క తలకిందులైంది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48.48 శాతం, సికింద్రాబాద్‌లో 49.04 శాతం, మల్కాజిగిరిలో 50.78 శాతం మందే ఓటేశారు. నగరాన్ని ఆనుకుని ఉన్న భువనగిరిలో అదే రోజు 76 శాతం దాటింది. అయిదు వందల కిలోమీటర్ల అవతల ఉన్న బూత్ కొందరికి దగ్గరైంది, వీధి చివర బడిలో పెట్టిన బూత్ మరెందరికో దూరమైంది.

దీనికి మనం ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న కారణం ఒక్కటే: నగరవాసికి బద్ధకం. చదువుకున్నవాళ్లు, జీతాలు బాగా వచ్చేవాళ్లు సెలవు దొరికితే ఇంట్లో పడుకుంటారని ప్రతి ఎన్నికల మర్నాడూ నిందిస్తున్నాం. ఈ నింద ఆధారాలకు నిలవదు. 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో మునుగోడులో 91 శాతానికి పైగా ఓట్లు పోలయ్యాయి. అన్నిటికంటే తక్కువగా, 40 శాతం దగ్గరే పోలింగ్ ఆగిపోయిన నియోజకవర్గం యాకుత్‌పురా. అది ఐటీ ఉద్యోగులుండే ప్రాంతం కాదు, పాతబస్తీ. రోజు కూలీలు, చిన్న దుకాణదారులు, చేతివృత్తులవారు కిక్కిరిసి బతికే చోటు. అక్కడి జనాన్ని సుఖానికి అలవాటుపడ్డ బద్ధకస్తులని ఎవరంటారు? మనిషి ఓటు వేయడానికి రెండు నమ్మకాలు కావాలి. తన పేరు జాబితాలో సరైన చోట ఉందన్న నమ్మకం ఒకటి, తన ఓటుతో తన జీవితంలో ఏదో ఒకటి మారుతుందన్న నమ్మకం రెండోది. పల్లెలో ఈ రెండూ ఇంకా ఎంతో కొంత మిగిలాయి. మహానగరంలో రెండూ తెగిపోయాయి. పోలింగ్ ఎందుకు తగ్గిందో తెలియాలంటే ఈ తెగిన చోట్లే చూడాలి.

ముందు జాబితా సంగతి. పోలింగ్ శాతం అంటే ఒక భిన్నం. లవంలో పోలైన ఓట్లు, హారంలో జాబితాలో ఉన్న పేర్లు. లవాన్ని తిట్టేముందు హారాన్ని పరీక్షించాలి. అమీర్‌పేటలో అద్దెకుండే కుటుంబం మియాపూర్‌కు మారిందనుకుందాం. గ్యాస్ కనెక్షన్ మార్చుకుంటారు, పిల్లల బడి మారుస్తారు, బ్యాంకులో చిరునామా మారుస్తారు. ఓటు మాత్రం పాత గల్లీలోనే ఉండిపోతుంది. ఇల్లు మారడంతో శాసనసభ స్థానమే కాదు, లోక్‌సభ స్థానం కూడా మారిపోయిందన్న సంగతి పోలింగ్ రోజుదాకా వాళ్లకు తట్టదు. చనిపోయిన పెద్దల పేర్లు తీయించడానికి ఫారం 7 ఇవ్వాలని చాలా ఇళ్లలో తెలియదు. సొంతూరిలో ఒక ఓటు, నగరంలో ఒక ఓటు ఉన్నవాళ్లూ ఉన్నారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని స్పష్టంగా చెబుతోంది. జాబితా కోసం తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. అయినా ఆ రెండో పేరు తీసేయించుకునేవారు అరుదు. ఇలాంటి పేర్లన్నీ హారంలో కూర్చుంటాయి. 48 శాతం పోలింగ్ అంటే మిగిలిన 52 శాతం మందీ ఇంట్లో కూర్చున్నారని అర్థం కాదు. ఆ 52లో ఊరు మారినవాళ్లున్నారు, లోకం విడిచినవాళ్లున్నారు, అదే రోజు మరోచోట ఓటేసినవాళ్లూ ఉన్నారు.

అలాగని జాబితాను గబగబా కడిగేస్తే సరిపోతుందా? ఆ దారిలోనూ గాయాలున్నాయి. తొలి సార్వత్రిక ఎన్నికలప్పుడే ఉత్తర భారతంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యగా, ఫలానావారి తల్లిగా నమోదయ్యారని జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. 2015లో ఓటరు కార్డును ఆధార్‌తో కలిపి జాబితాలను శుద్ధి చేసే కార్యక్రమం మొదలై, ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ పోలింగ్ రోజున బూత్‌దాకా వెళ్లి, పేరు లేదని తెలిసి వెనుదిరిగినవారు ఎందరో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2025లో బిహార్‌లో చేపట్టిన ప్రత్యేక సవరణలో సుమారు 65 లక్షల పేర్లు ముసాయిదా జాబితాలో లేకుండా పోయాయి. ఆ పేర్లను, తొలగించిన కారణాలతో సహా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఉండకూడని పేరు ఉండటం తప్పే. ఉండాల్సిన పేరు లేకుండా పోవడం అంతకంటే పెద్ద తప్పు. మొదటిది శాతాన్ని తగ్గిస్తుంది, రెండోది పౌరుణ్ణి తుడిచేస్తుంది. ఇంటింటికీ వెళ్లి, నోటీసు ఇచ్చి, జవాబుకు గడువిచ్చి, ఏటా ఓపికగా చేయాల్సిన పని ఇది.

జాబితా గురించిన అవగాహన ఎంత పలచగా ఉందో 2019 ఎన్నికల ముందు వాట్సాప్‌లో తిరిగిన ఒక సందేశం చూస్తే తెలుస్తుంది. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘ఛాలెంజ్ ఓటు’ అడగవచ్చని, ఒక బూత్‌లో 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ పెడతారని అందులో ఉంది. రెండూ అబద్ధాలే. ఓటేయడానికి వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని అనుమానం వస్తే పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడమే ఛాలెంజ్. మన పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి వెళ్లిపోతే, మనం బ్యాలెట్ కాగితం మీద వేసేది టెండర్ ఓటు. జాబితాలో పేరు లేనివారికి రెండూ వర్తించవు. చేతిలో ఓటరు కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనని నమ్మేవాళ్లు ఇప్పటికీ చాలామంది. పేరు ఉండి కార్డు లేకపోతే ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధి హామీ జాబ్‌కార్డు వంటివాటితో ఓటేయవచ్చు. కార్డు ఉండి పేరు లేకపోతే ఏమీ చేయలేం. ఈ చిన్న తేడా చెప్పేవారు లేక ఎన్నో ఓట్లు గేటు దగ్గరే ఆగిపోతున్నాయి. ప్రచార హోర్డింగుల మీద సినిమా తారల చేత ‘ఓటేయండి’ అనిపించడం కన్నా, ఈ రెండు వాక్యాలు ప్రతి అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద, ప్రతి రేషన్ దుకాణం గోడ మీద రాయించడం మేలు.

ఇక రెండో నమ్మకం. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో 46.55 శాతం ఓట్లు పడ్డాయి. అంతకుముందు 2009లో 42 శాతం, 2016లో 45 శాతం. 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో ప్రతి విడతలోనూ 80 శాతం దాటింది. రెండూ స్థానిక ఎన్నికలే, రెండూ ఇంటి ముందు రోడ్డుకూ మురుగు కాల్వకూ సంబంధించినవే. మరి ఇంత తేడా ఎందుకు? 2020 ఎన్నికల నాటికి కార్పొరేషన్‌లో 74 లక్షలకు పైగా ఓటర్లకు 150 డివిజన్లు ఉండేవి. సగటున ఒక కార్పొరేటర్‌కు దాదాపు 50 వేల మంది ఓటర్లు. పల్లెల్లో కోటీ 66 లక్షల ఓటర్లకు 12 వేలకు పైగా పంచాయతీలు. సగటున ఒక సర్పంచికి 1,300 మంది. సర్పంచి ఇల్లు ఊరందరికీ తెలుసు, అతని గుమ్మం ముందు నిలబడి అడగవచ్చు. నగరంలో నల్లా నీళ్లు, మురుగు జలమండలివి, కరెంటు డిస్కంది, చెరువు మరో సంస్థది. కార్పొరేటర్ చేతిలో ఏముందో ఓటేసేవాడికి తెలియదు. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగ 74వ సవరణ చెప్పింది. ఆ మాట విన్న నగరవాసులు ఎందరు? బాధ్యుడెవరో తెలియని చోట ఓటు మీద ఆసక్తి పుట్టమంటే ఎలా పుడుతుంది?

ఇంత మంది ఓటర్లలో నా ఒక్క ఓటు విలువెంత అని అడిగేవారున్నారు. సమాధానంగా మనం 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం తొమ్మిది ఓట్ల తేడాతో తేలిందని, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒక్క ఓటుతో సి.పి.జోషి ఓడిపోయారని గుర్తుచేస్తాం. అవి నిజాలే, కానీ అరుదైన నిజాలు. అసలు సమాధానం మరొకటి ఉంది. ఫలితం వెలువడ్డాక ఫారం 20లో బూత్‌లవారీగా ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ప్రకటిస్తారు. ఒక బూత్ అంటే సుమారు వెయ్యి, పన్నెండు వందల మంది. ఎవరు ఎవరికి వేశారో రహస్యం. ఏ కాలనీ కదిలింది, ఏ కాలనీ కదల్లేదు అన్నది మాత్రం బహిరంగం. ప్రతి పార్టీ ఆఫీసులోనూ ఆ కాగితాన్ని పెన్ను పట్టుకుని చదువుతారు. ఓటేయని కాలనీకి కోపం తెప్పించినా నష్టం లేదని, మెప్పించినా లాభం లేదని లెక్కగడతారు. ఓటు ఒక్కటే గెలుపోటములను తేల్చకపోవచ్చు. మీ వీధి ఆ లెక్కలో ఉండాలా వద్దా అన్నది మాత్రం మీ వీధి ఓట్లే తేలుస్తాయి.

పల్లెల్లో 80, 90 శాతం పోలింగ్ వెనుక ఉన్నది చైతన్యం కాదు, డబ్బు అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. తెలుగు రాష్ట్రాల్లో ఓటుకు ఇంతని పంచడం, అందనివారు రోడ్డెక్కడం మనం చూసినవే. సొంతూళ్లకు వెళ్లే ఓటర్లకు పార్టీలే బండ్లు మాట్లాడి పెట్టడమూ తెలిసిందే. ఎక్కువ పోలింగ్ అంటే మంచి ప్రజాస్వామ్యమని అందుకే అనలేం. కానీ డబ్బుకు భయపడి దూరంగా ఉండేవారు ఆ డబ్బుకే బలం ఇస్తున్నారు. 50 వేల ఓటర్ల డివిజన్‌లో 46 శాతం పోలైతే 23 వేల ఓట్లు. ముక్కోణపు పోటీలో తొమ్మిది వేలు వస్తే గెలిచే అవకాశం ఉంది. అంటే మొత్తం ఓటర్లలో ఐదుగురిలో ఒక్కరిని కూడా కొనక్కర్లేదు. అదే 80 శాతం పోలైతే కొనాల్సిన ఓట్లు ఒకటిన్నర రెట్లు దాటుతాయి. అమ్ముడుపోనివారు ఎంత ఎక్కువగా వస్తే కొనుగోలు అంత ఖరీదవుతుంది.

ఓటు వేయకపోవడమూ ఒక నిరసనే అన్నది మరో వాదన. నిరసన హక్కును కాదనలేం. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ హక్కును గుర్తించే ‘నోటా’ మీట పెట్టించింది. నోటాకు ఎక్కువ ఓట్లొస్తే లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు రద్దవుతాయనుకోవడం పొరపాటు. తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు. అయినా అది లెక్కకొస్తుంది. 2024లో ఇందౌర్‌లో 2 లక్షల 18 వేలకు పైగా నోటా ఓట్లు పడ్డాయి, దేశమంతా వాటి గురించి మాట్లాడుకుంది. అదే ఏడాది తూర్పు నాగాలాండ్‌లోని ఆరు జిల్లాల్లో నాలుగు లక్షలకు పైగా ఓటర్లలో దాదాపు ఒక్కరూ బూత్‌కు వెళ్లలేదు, ప్రత్యేక పాలనా ప్రాంతం కావాలన్నది వారి డిమాండు. అందరూ కలిసి, కారణం చెప్పి వెళ్లకపోతే అది నిరసన. ఎవరికి వారు చెప్పకుండా ఇంట్లో ఉండిపోతే దాన్ని ఆగ్రహమని ఎవరూ చదవరు, అంగీకారమని చదువుతారు.

అయితే ఓటును తప్పనిసరి చేద్దామా? గుజరాత్ స్థానిక సంస్థల్లో ఆ చట్టం తెచ్చింది, 2015లో హైకోర్టు దాన్ని నిలిపేసింది. అదే ఏడాది లా కమిషన్ కూడా నిర్బంధ ఓటింగ్‌ను వద్దంది. ఆస్ట్రేలియాలో 1924 నుంచి తప్పనిసరి, వేయకపోతే 20 డాలర్ల జరిమానా, పోలింగ్ 90 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మనవాళ్లు ఆ జరిమానా గురించే చెబుతారు. అక్కడ శనివారం పోలింగ్ పెడతారనీ, ఉన్న రాష్ట్రంలో ఏ కేంద్రంలోనైనా ఓటేయవచ్చనీ, ముందస్తుగా వేసే వీలుందనీ చెప్పరు. మన దగ్గర 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని ప్రతిపాదించింది. 2019లో 30 కోట్ల మందికి పైగా ఓటేయలేదని అప్పుడే చెప్పింది. పార్టీల సందేహాలతో అది ముందుకు కదల్లేదు. విదేశాల్లోని భారతీయ ఓటరు సొంతూరి బూత్‌కు స్వయంగా రావాల్సిందే. 2024లో నమోదైన లక్షా 19 వేల మందిలో మూడు వేల మంది కూడా రాలేదు. దారి వేయకుండా జరిమానా వేయడం న్యాయం కాదు.

ప్రభుత్వం చేయాల్సిన పనులు స్పష్టమే: జాబితాను ఓపికగా సరిచేయడం, వార్డులను చిన్నవి చేసి వార్డు కమిటీలకు ప్రాణం పోయడం, వలస ఓటరుకు దారి చూపడం. పౌరుడు చేయాల్సినది కూడా ఒకటుంది, దానికి ఎన్నికలదాకా ఆగక్కర్లేదు. కొత్త ఓటర్ల అర్హతకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగున్నాయి. పద్దెనిమిది నిండిన బిడ్డకు ఫారం 6, ఇల్లు మారినవారికి ఫారం 8, కన్నుమూసిన పెద్దల పేరుకు ఫారం 7. సందేహముంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి. మీరు నిజంగా నివసించే చోట, ఒకే ఒక్క చోట మీ పేరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.