గుమ్మము చేరిన తీగ

2025వ సంవత్సరము ఆగస్టు మాసమున హైదరాబాదునందలి రామంతాపురములో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మృతినొందిరి. అటుపిమ్మట విద్యుత్తు సంస్థవారు స్తంభములపై వ్రేలాడు కేబులు తీగలను కత్తిరింప నారంభించిరి. పలు పేటలలో ఇంటర్నెట్టు నిలిచిపోయెను. వ్యవహారము హైకోర్టు వఱకును పోయినది. మనుష్యుల ప్రాణములకన్న తీగ యెక్కువ కాదు. ఆ విషయమున వాదమే లేదు. కాని పాటలకును సినిమాలకును వేయించుకొన్న తీగయే నేడు బిడ్డల చదువునకును, ఉద్యోగి పనికిని, దుకాణదారుని లెక్కకును ఆధారమై కూర్చున్నదని ఆ దినములలో పట్టణవాసులకు తెలిసివచ్చినది. ఇంతగా అక్కఱకు వచ్చు తీగ ఎవరిది? ఎవరి యనుమతితో వ్రేలాడుచున్నది? దానిని భద్రముగా నుంచు పూచీ ఎవరిది? ఈ ప్రశ్నలకు సూటియైన సమాధానము చెప్పువారు లేరు.

ఈ తీగ అమెరికాలో పుట్టినది. 1948 ప్రాంతమున పెన్సిల్వేనియా కొండయూళ్లలోను, ఆరెగన్ రాష్ట్రమునందలి అస్టోరియాలోను టెలివిజను బొమ్మ సరిగా అందక, ఎత్తైన చోట యాంటెన్నా నిలిపి అచటనుండి ఇండ్లకు తీగ లాగిరి. కాలువనీరు పల్లమునకే పాఱునట్లు బొమ్మ కేంద్రమునుండి ఇంటికే ప్రవహించెను. ఇంటినుండి మరలిపోవు దారి లేదు. సంకేతము సన్నగిల్లకుండ దారి పొడవున నిలిపిన యాంప్లిఫయర్లును ఒక్క దిక్కునకే పనిచేయునవి. ఇంటర్నెట్టునకును టెలిఫోనునకును ఇది చాలదు. అడిగిన మాట పైకి పోవలయును, బదులు క్రిందికి రావలయును. కనుక యాంప్లిఫయర్లను మార్చి, తీగలో కొంత భాగమును పైకి పోవు మాటలకై కేటాయించి, నడుమ దూరమునకు గాజుతంతిని వేసి, కొసను మాత్రము పాత రాగితీగ నుంచిరి. 1997లో డాక్సిస్ అను ఉమ్మడి నిబంధనావళి వెలువడిన పిదప ఎవరు చేసిన మోడెమైనను ఏ ఊరి కేబులునకైనను అతుకుటకు వీలయ్యెను. ఒక్క టెలివిజను చానలు పట్టు చోటున సెకనునకు 30 మెగాబిట్లకు పైగా సమాచారము దిగివచ్చెను. అయితే ఆ ప్రవాహము వీథివారందఱి ఉమ్మడి సొత్తు. సాయంకాలము అందఱును ఒక్కసారి తూములు తెఱచినచో ఎవరి పాలైనను సన్నగిల్లక తప్పదు.

ఇంగ్లాండున 1991 నుండియే కేబులు కంపెనీలు టెలిఫోను నడుపుకొన ననుమతి పొందినవి. అమెరికాలో కాంకాస్ట్ అను కేబులు కంపెనీ 2009 నాటికి ఇండ్ల టెలిఫోనులలో దేశమున మూడవ స్థానమున కెక్కెను. యంత్రము ఇట్లు గెలిచినది గాని యాజమాన్యపు తగవు మిగిలిపోయినది. కేబులు కంపెనీలు తమ తీగపై ఇతరుల ఇంటర్నెట్టు సేవకు దారి విడువనక్కఱలేదని అచ్చటి కమ్యూనికేషన్ల కమీషను చేసిన నిర్ణయమును, 2005లో బ్రాండ్ ఎక్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిలువబెట్టెను. తత్ఫలితముగా పెక్కు పట్టణములలో గృహస్థునకు టెలిఫోను కంపెనీ తీగ యొకటి, కేబులు కంపెనీ తీగ యొకటి, ఈ రెండే గతియైనవి. రెండు అంగళ్లు మాత్రమే గల సంతలో బేరమెట్లుండునో మన గృహిణులకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

మన దేశమున ఈ తీగ లాగినవాడు కోటీశ్వరుడు కాడు. 1991లో గల్ఫు యుద్ధము నాటి నుండి ఉపగ్రహ ప్రసారములపై మోజు పెరుగగా, పేటలో టెలివిజనులు బాగుచేయువాడో, వీడియో క్యాసెట్ల దుకాణమువాడో మిద్దెపై డిష్షు నిలిపి, చెట్టునుండి చెట్టునకు, పిట్టగోడనుండి పిట్టగోడకు తీగ లాగి నెలనెల వసూలు చేసికొనెను. 1995లో జెమినీయు ఈటీవీయు తెలుగు ప్రసారములు మొదలిడగా గిరాకీ హెచ్చినది. ఆ యేటనే కేబులు చట్టమును వచ్చెను. దాని క్రింద ఆపరేటరు ఐదువందల రూపాయలు చెల్లించి తపాలా కార్యాలయమున పేరు నమోదు చేసికొనుచుండెడివాడు. ఇంటింటికిని దారి వేసినవానిని ప్రభుత్వము ఎంత తేలికగా చూచినదో ఇందువలననే విశదమగును.

1998లో ఇంటర్నెట్టు సేవ ప్రైవేటువారికి తెఱవబడినది. 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండుగా నిర్వచించిన 2004 నాటి ప్రభుత్వ విధానము కేబులు తీగను కూడ ఒక మార్గముగా గుర్తించెను. కాని మన ఆపరేటరు తీగలో పెక్కుచోట్ల తిరుగుదారి లేదు. అందువలన వాడు ప్రక్కనే రెండవ తీగ లాగి, మిద్దెలపై స్విచ్చి పెట్టెలు బిగించి ఇంటర్నెట్టు పంచెను. పిదప గాజుతంతికి మారెను. టెలిఫోను మాత్రము ఆ తీగపై వేళ్లూనకముందే సెల్లుఫోను వచ్చి దాని చోటు నాక్రమించినది. 2012 మొదలు 2017 వఱకు దఫదఫాలుగా డిజిటలు పెట్టెలు తప్పనిసరియై, చిన్న ఆపరేటరు పెద్ద పంపిణీదారుల చేతిక్రింద చేరెను. 2018లో రిలయన్సువారు డెన్, హాత్వే అను రెండు పెద్ద కేబులు సంస్థలలో ఆధిక్యవాటాలు కొనబూనిరి. వారు కొనినది డిజిటలు పెట్టెలను మాత్రమే కాదు. ఇంటి గుమ్మమును చేరు దారిని.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వేఱొక దారి త్రొక్కినది. విద్యుత్ స్తంభములమీదుగా సుమారు 23 వేల కిలోమీటర్ల గాజుతంతిని ప్రభుత్వమే లాగించెను. భూమిని త్రవ్వుటకన్న ఇందు వ్యయము బహుస్వల్పము. తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామమున 2016 డిసెంబరులో తొలి వెలుగు కనబడినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఈ పథకమును జాతికి అంకిత మొనర్చిరి. టెలివిజను, టెలిఫోను, 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు, మూడును కలిసి ఆరంభమున నెలకు 149 రూపాయలు! కొసతీగను వేసి, చందా వసూలు చేయు పని స్థానిక కేబులు ఆపరేటరుకే విడిచిరి. నడుమ రాజమార్గము ప్రజలది, ఇంటి ముంగిటి బాట ఊరివానిది. ఇంతకన్న చక్కని పొందిక మాకు తోచదు. కాని ప్రభుత్వములు మారినకొలది ఈ సంస్థ ఆరోపణలకును విచారణలకును పాలైనది. తప్పుచేసినవారిని శిక్షింపుడు, తీగను శిక్షింపకుడు.

మేము కోరునది విపరీతమేమియు కాదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము భూమిలోని ఉమ్మడి గొట్టములు ఎల్లరకును తెఱచియుండవలెనని చెప్పుచున్నది. స్తంభములకును అదే న్యాయము వర్తింపవలయును. ఒక్కొక్క స్తంభముపై పదిమంది పది తీగలు చుట్టుటకు మాఱు, పురపాలక సంఘమో విద్యుత్తు సంస్థయో ఒక్క లావు తంతిని భద్రముగా వేసి, అందలి పోగులను అడిగినవారికెల్ల ఒకే అద్దెకు ఇయ్యవచ్చును. అద్దె ఎంతయో బహిరంగముగా ప్రకటింపవలెను. పేట ఆపరేటర్లు విడివిడిగా అమ్ముడుపోవుటకు ముందే సహకార సంఘముగా నేర్పడి ఆ పోగులను తీసికొనవలెను. పాలకును నేతకును సంఘములు కట్టిన జాతికి ఇది కొత్త విద్య కాదు. విద్యుత్తు సంస్థవారు కత్తెర పట్టుటకు ముందు, ఏ తీగ ఎవరిదో తెలుపు పట్టికను ప్రతి పేటకును సిద్ధపఱచి వార్డు కార్యాలయమున వ్రేలాడగట్టవలెను. రానున్న వినాయక చవితి ఊరేగింపులకు ముందే ఆ పని ముగియవలయును.