గాజు గోడల మధ్య కొత్త కాపురం

బళ్ళారి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం నా ముందుంది. కొడుకు తొమ్మిదో పుట్టినరోజుకి రెండడుగుల అక్వేరియం కొన్నారట. షాపతను "అన్నీ కలిసే ఉంటాయమ్మా" అన్నాడని ఒకే సాయంత్రం రెండు ఏంజెల్ చేపలు, నాలుగు టైగర్ బార్బులు, రెండు నీలం గౌరామీలు, ఒక ఎర్ర ఫైటర్ తెచ్చి వదిలారు. నాలుగో రోజుకి ఫైటర్ తోక పళ్ళూడిన దువ్వెనలా తయారైంది. ఏంజెల్ ఒకటి ఫిల్టరు గొట్టం వెనక నక్కి తిండికి కూడా బయటికి రావడం లేదు. "ఆ చారల వెధవల్ని తీసుకెళ్ళి చెరువులో పారెయ్యండి" అని నాయనమ్మ గారి తీర్పు. పిల్లవాడు మాత్రం రోజూ బడికి వెళ్ళే ముందు అద్దానికి ముక్కు ఆనించి చేపల్ని లెక్కపెట్టుకుని మరీ వెళుతున్నాడట. "వాటిలో చెడ్డది ఏదో చెప్పండి, మార్చుకొస్తాం" అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఇవాళ రాత్రి చెయ్యాల్సిన పని చెబుతాను, కారణాలు తరవాత చూద్దాం. ఫైటర్‌ని వెంటనే బయటికి తీయండి. ఆరేడు లీటర్లు పట్టే వెడల్పు మూతి సీసాలోనో, కొత్త ప్లాస్టిక్ తొట్టిలోనో ట్యాంకు నీళ్ళే పోసి అందులో ఉంచండి. గాలి మోటారు అక్కర్లేదు. ఈ జాతి చేప పైకి వచ్చి మనలాగే గాలి పీల్చుకోగలదు. పైన గాలి ఆడేట్టు మూత పెట్టండి, లేకపోతే గెంతుతుంది. రెండు రోజులకొకసారి కొంత నీళ్ళు మార్చండి. కొళాయి నీళ్ళయితే ఒక రాత్రి బకెట్లో నిలవబెట్టి వాడండి, క్లోరిన్ పోతుంది. చిరిగిన రెక్కకి శుభ్రమైన నీటిని మించిన మందు లేదు. మొదలంటా కొరుక్కుపోకపోతే కొన్ని వారాల్లో మళ్ళీ వస్తుంది.

ఇక చెడ్డ చేప సంగతి. రెక్కలు కొరికింది టైగర్ బార్బులేనని నూటికి తొంభై పాళ్ళు చెప్పగలను. కానీ వాటిని దోషులనడానికి నాకు మనసొప్పదు. సుమత్రా వైపు ఏళ్ళలో గుంపులు గుంపులుగా తిరిగే చేప అది. గుంపులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఒకదాన్నొకటి తరుముకుంటూ రోజూ తేల్చుకుంటూ ఉంటాయి. ఎనిమిదో పదో ఉంటే ఆ తగువు వాటిలో వాటికే సరిపోతుంది. నాలుగే ఉంటే ఆ చేతివాటం పక్కవాళ్ళ మీదికి మళ్ళుతుంది. పక్కన మెల్లిగా ఈదే ఏంజెల్, కుచ్చిళ్ళు జారవిడిచినట్టు తోక పరుచుకున్న ఫైటర్ కనబడితే ఊరుకుంటాయా? గొడవ ఎక్కువైందని నాలుగింటిలో రెండింటిని షాపుకి తిరిగి ఇచ్చేస్తే మిగిలిన రెండూ మరింత రెచ్చిపోతాయి. వినడానికి వింతగా ఉంటుంది గాని, మరో నాలుగు తేవడమే ఇక్కడ మందు. అయితే రెండడుగుల ట్యాంకులో పట్టేది యాభై లీటర్ల పైచిలుకు. అందులో ఎనిమిది బార్బులుంటే ఏంజెల్స్‌కి చోటు లేదు. బార్బులో, ఏంజెల్సో ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఈ తేల్చుకోవడం షాపులో జరిగితే ఎంత బాగుండేది! అమ్మేవాడికి ఆ తీరిక ఉండదు.

రెండు అనే లెక్క చేపల విషయంలో తరచు ప్రమాదం. మనం జంట అనుకుని రెండు తెస్తాం. అవి జంట కావాలన్న నియమం ఏముంది? రెండూ మగవైతే బలమున్నది రెండోదాన్ని పగలూ రాత్రీ తరుముతుంది. దెబ్బలన్నీ తినడానికి ఒక్క వీపే ఉంటుంది. నీలం గౌరామీల్లో వీపు మీది రెక్క కొస తేలి ఉంటే మగది, గుండ్రంగా ఉంటే ఆడది. రెండడుగుల ట్యాంకుకి ఒక మగది చాలు. గప్పీలు, మోలీల్లో మగచేప ఆడచేపని క్షణం నిలవనివ్వదు. అందుకని మగదానికి రెండు మూడు ఆడవి చొప్పున ఉంచితే ఒక్కదాని ప్రాణం తీయకుండా ఉంటుంది. ఫైటర్ల సంగతి సరేసరి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట వాటి కోసమే పుట్టిందేమో! థాయ్‌లాండ్‌లో ఈ చేపల పోటీలకు తరాల చరిత్ర ఉంది. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా కూడా ప్రకటించుకుంది. పందేల కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచిన రక్తం అది, మన హాల్లోకి రాగానే సాధువు కమ్మంటే కాదు.

కొత్త నీరు వచ్చి పాత నీరు కొట్టుకుపోయిందంటాం గాని, ట్యాంకులో జరిగేది తిరగబడ్డ సామెత. పాత కాపులే కొత్తవాళ్ళని కొట్టి మూలకి తోస్తారు. ఊరు కాని ఊరు వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వాళ్ళం, మనకి ఇది ఒకరు వివరించనక్కర్లేదు లెండి! ముందొచ్చిన చేపకి ఆ రాయి తనది, ఆ మొక్క నీడ తనది, తిండి పడే ఆ మూల తనది. కొత్త చేప ఎటు కదిలినా ఎవరిదో ఒకరి గడప తొక్కినట్టే.

దీనికి నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది, ఖర్చు లేనిది. కొత్త చేపల్ని వదిలే ముందు లోపలి రాళ్ళు, మొక్కలు, కుండపెంకులు అన్నీ చోటు మార్చేస్తాను. అలా మార్చిన సాయంత్రం మా ట్యాంకులో పెద్ద గౌరామీని చూడాలి. ఇల్లు మారిన మొదటి రోజు స్విచ్చి కోసం గోడలు తడుముకునే మనిషిలా ఉంటుంది. తన హద్దే తనకు తెలియనప్పుడు ఇంకొకరు దాటారని కోప్పడడం ఎలా? ఆ అయోమయంలో కొత్తవాళ్ళు తమ మూల తాము చూసుకుంటారు. పాతవాటికి ముందుగా కడుపునిండా మేత వేసి, దీపం ఆర్పి, ఆ తరవాత వదలడం ఇంకా మంచిది. చేపలున్న సంచీని ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెంగా అందులో కలిపి, చేపని మాత్రం వలతో తీసి వదలాలి. షాపు నీళ్ళు లోపల పొయ్యకూడదు. వీలుంటే రెండు మూడు వారాలు విడిగా ఉంచి రోగాలేవీ లేవని చూసుకుని మరీ చేర్చాలి. ఒక్కదాన్నే తెస్తే అందరి కళ్ళూ దాని మీదే పడతాయి, నాలుగైదు కలిపి తెస్తే చూపు చెదురుతుంది. మొట్టమొదటిసారి ట్యాంకు నింపేవాళ్ళయితే సాధువైన చేపల్ని ముందు, పెంకివాటిని అందరికన్నా చివర చేర్చాలి.

దాక్కునే చోటు లేని ట్యాంకులో ఓడిపోయిన చేపకి దిక్కు లేదు. ఏటిలో అయితే తరిమినవాడికి కనబడనంత దూరం పారిపోతుంది, అక్కడితో తగువు తీరుతుంది. రెండడుగుల గాజుపెట్టెలో ఎంత పారిపోయినా కంటి ముందే ఉంటుంది. దాంతో తరిమేవాడు "ఇంకా పోలేదు" అనుకుంటాడు, మళ్ళీ తరుముతాడు. కాబట్టి కావలసింది చూపుకి అడ్డం. సగం పగిలిన మట్టి పూలకుండీ బోర్లించండి, రంగు వేసింది మాత్రం వద్దు. బాగా ఉడకబెట్టి కడిగిన కొబ్బరి చిప్పకి తలుపులా కంత చేసి పెట్టండి. మొక్కలు గుబురుగా నాటండి. అందం కోసం సముద్రపు గవ్వలు, పాలరాయి ముక్కలు వేస్తుంటారు. వాటిలోని సున్నం నీటి గుణాన్ని మార్చేస్తుంది, మానుకోవడం మేలు.

ఇక్కడ ఒక పెద్దమనిషి మాట చెప్పాలి. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ జంతువుల నడవడిని జీవితాంతం పరిశీలించి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పోట్లాట గురించి 1963లో జర్మన్ భాషలో ఒక పుస్తకం వేశాడు. అందులో సిక్లిడ్ చేపల కాపురం కథ ఒకటుంది. మన ఏంజెల్ చేప కూడా సిక్లిడ్ కుటుంబానిదే. జంటగా కుదిరిన ఆడా మగా చేపల్ని ఇరుగూపొరుగూ లేకుండా ఒంటరిగా ఒక ట్యాంకులో పెడితే సుఖంగా ఉంటాయనుకుంటాం. ఉండవట. పరాయివాళ్ళ మీద చూపాల్సిన కోపం పెళ్ళాం మీద తీర్చుకుంటుందట మగచేప. అందుకని ట్యాంకు మధ్యలో గాజుపలక అడ్డం పెట్టి, అటొక జంట, ఇటొక జంటని ఉంచితే రెండు మగచేపలూ గాజుకి అటూ ఇటూ నిలబడి కసి తీర్చుకుంటాయి, లోపల కాపురాలు చల్లగా సాగుతాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి మగచేప భార్య మీద విసుక్కోవడం మొదలుపెడితే లోరెంజ్ వెంటనే గాజుపలక చూసేవాడు. నాచు పట్టి పక్కింటివాడు కనబడడం మానేసి ఉండేవాడు! పలక తుడవగానే మళ్ళీ పొరుగు మీద యుద్ధం, ఇంట్లో శాంతి. మనుషుల గురించి ఆ పుస్తకంలో ఆయన తీసిన తీర్మానాలని చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, ఆ జోలికి నేను పోను. ట్యాంకు ఉన్న ఇంట్లో మాత్రం చిల్లులు పొడిచిన పారదర్శకపు ప్లాస్టిక్ పలక ఒకటి దాచి ఉంచుకోవడం మంచిది. పుట్టింటికి పంపినట్టు ఎవరినో ఒకరిని ఓ వారం అటు వైపు ఉంచడానికి పనికొస్తుంది.

ఎవరిని అటు పంపాలి? దెబ్బలు తిన్నదాన్ని కాపాడాలని చాలామంది దాన్నే తీస్తారు. ఒళ్ళు చిరిగి నీరసించిందయితే తీయాల్సిందే. కానీ గొడవ ఆగాలంటే తీయాల్సింది కొట్టేదాన్ని. దెబ్బలు తినేది పోతే కొట్టేది మర్నాటికి ఇంకొకదాన్ని వెతుక్కుంటుంది. కొట్టేదాన్ని అయిదారు రోజులు విడిగా ఉంచి తిరిగి వదిలితే, ఈలోగా దాని మూల ఎవరో ఆక్రమించి ఉంటారు. ఈసారి అదే కొత్త చేప.

ప్రతి తరుములాటా యుద్ధం కాదని కూడా చెప్పాలి. రెక్కలు నిండుగా ఉండి, రెండూ మేతకి వస్తూ, అప్పుడప్పుడు ఓ గెంతు గెంతి ఊరుకుంటుంటే మీరు కల్పించుకోకండి. రంగు వెలిసిపోవడం, రెక్కలు ఒంటికి అతుక్కున్నట్టు ముడుచుకోవడం, నీటి పైభాగంలో మూల పట్టుకుని నిలబడిపోవడం, మేత ముట్టకపోవడం చూస్తే మాత్రం ఆ పూటే కదలాలి. గోల్డ్‌ఫిష్‌లో ఒకటి మరొకదాని పొట్ట పొడుస్తూ తిరుగుతుంటే పోట్లాట అనుకుంటారు. పొడిచేదాని మొప్పల మీద సన్నని తెల్ల చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది మగది, గుడ్లు పెట్టించే తొందరలో ఉంది. ఆ చుక్కల్ని రోగమనుకుని మందులు పోసినవాళ్ళున్నారు. దీనికి తిరగవేత ముద్దుల గౌరామి. రెండు చేపలు మూతీ మూతీ ఆనించుకుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. అది ముద్దు కాదు, ఎవరి బలమెంతో తేల్చుకునే తోపులాట.

కొన్నిటికి మాత్రం ఏ సర్దుబాటూ పని చెయ్యదు. నుదుటి మీద బొడిపెతో, వాస్తుకి మంచిదంటూ అమ్మే ఫ్లవర్‌హార్న్ అలాంటిదే. 1990లలో మలేషియాలో జాతులు కలిపి సృష్టించిన చేప. అద్దం తుడవబోయిన యజమాని చేతినే కరుస్తుంది. దానికి విడి ట్యాంకు ఇవ్వగలిగితేనే కొనండి. అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే నల్లని సక్కర్ చేప చిన్నప్పుడు సాధువే. అది అడుగుకి మించి పెరుగుతుంది, పెరిగాక రాత్రిపూట ఏంజెల్స్, గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పొర నాకేస్తుంది.

నాయనమ్మ గారికి నా విన్నపం ఇదొక్కటే. విసుగు పుట్టిన చేపని చెరువులోనో, గుడి కోనేటిలోనో వదిలితే పుణ్యమని చాలా ఊళ్ళలో నమ్మకం. అలా ట్యాంకుల నుంచీ, పెంపకం కేంద్రాల నుంచీ బయటపడ్డ సక్కర్ చేపలు ఇవాళ తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణల చెరువుల్లో తెగ పెరిగిపోయాయి. వాటి ముళ్ళ ఒంటికి జాలర్ల వలలు చిరుగుతున్నాయి, వాటిని తినేవాళ్ళూ లేరు. మద్రాసు వాళ్ళకి కొళత్తూరు ఉన్నట్టు ప్రతి ఊళ్ళోనూ చేపల దుకాణమో, పెంచే ఇల్లో దగ్గర్లో ఒకటి ఉంటుంది. అక్కడికి తీసుకెళ్ళండి. డబ్బు వెనక్కి ఇవ్వకపోవచ్చు గాని చేపని తీసుకుంటారు.