ద్వారం వద్ద వరుస

ట్రంకు టెలిఫోను రోజులు జ్ఞాపకమున్న పాఠకులకు ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అనే తరగతులూ జ్ఞాపకముండే ఉంటాయి. లైట్నింగు కాలుకు ఆర్డినరీకి ఎనిమిది రెట్లు ఛార్జీ. డబ్బున్నవాడిదే ముందు వంతు. న్యాయమా అంటే కాదు. కాని ఆ నిబంధన ఏమిటో, దాని ధర ఎంతో దేశమంతటికీ తెలుసు.

నేడు పౌరునికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం చాలావరకు కంప్యూటరు ద్వారం గుండా సాగుతోంది. పుదుచ్చేరిలోని ముదలియార్‌పేటలో స్థిరపడిన యానాం మిత్రుడొకరు ఈమధ్య నన్నడిగారు: "ఒకే క్షణంలో లక్షమంది తలుపు తడితే ముందుగా ఎవరిని పిలుస్తారండీ?" పార్లమెంటు వార్తలు రాసే నాకు ఇది కేవలం సాంకేతిక ప్రశ్నగా తోచలేదు.

లైనక్సు వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో బయటినుంచి వచ్చిన కనెక్షన్లు ఒక క్యూలో నిలుస్తాయి. ముందు వచ్చినది ముందు లోనికి పోతుంది. క్యూ నిండితే తరువాతి వారికి చోటు లేదు. ఎవరూ మార్చకుంటే ఆ క్యూకు లైనక్సు విధించే పరిమితి చాలాకాలం 128గా ఉండేది. 2019లో 4096 అయింది. పొడవు పెరిగింది గాని, తట్టినది మనిషా, యంత్రమా అన్న విచక్షణ ఆ క్యూకు రాలేదు. 1996లోనే న్యూయార్కులోని పానిక్స్ సంస్థ సర్వర్లపై దొంగ అభ్యర్థనలు కుమ్మరించి, అసలు వాడకందార్లకు చోటు లేకుండా చేశారు.

కనుక "ముందు వచ్చినవారికి ముందు" అన్నది పైకి సమానత్వంగా కనిపించినా, ఆచరణలో వేగవంతమైన యంత్రానికి పట్టం కట్టడమే. తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాలలో సగం వరకు యంత్రాలవేనని రైల్వే శాఖే 2025లో వెల్లడించింది. ఆ ఏడాది జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసి, ఏజెంట్లను మొదటి అరగంట ఆపింది. ఇది మంచిదా, కాదా అని వాదించవచ్చు. వాదించగలగడమే ఇందులోని విశేషం; నిర్ణయం ప్రకటించి చేశారు.

2016 ఫిబ్రవరిలో ట్రాయ్ డేటా ధరలలో వివక్షను నిషేధించింది. 2018లో టెలికం శాఖ నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది. అవి దారికి వర్తిస్తాయి, ద్వారానికి కాదు. దారి అందరిదైనా, గుమ్మం దగ్గరి వరుసను ఒక ఇంజనీరో, కాంట్రాక్టరో నిర్ణయించవచ్చు.

ప్రాధాన్యమే తప్పని నేననను. రద్దీలో సర్వరు స్తంభిస్తే మరమ్మతుకు వచ్చేవానికి వేరే తలుపు ఉండాల్సిందే. అత్యవసర సేవలకూ అంతే. గోప్యతే తప్పు. ప్రజలు వాడే ప్రతి ప్రభుత్వ ద్వారం వద్ద ఎవరికి ముందు వంతు, ఎందుకు అన్నది రాతపూర్వకంగా సభ ముందుంచాలి. బడ్జెట్‌లో ప్రతి రూపాయికీ లెక్క అడిగే సభ్యులు, పౌరుడు నిరీక్షించే ప్రతి నిమిషానికీ లెక్క అడగడం అన్యాయం కాబోదు.